ఎవరూ చూడని సర్టిఫికెట్

"మీ ఫోన్‌కి చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చూస్తే మీరు లేరు. నేనేమనుకోవాలి వదినా?"

మరిది, చెల్లెలి భర్త, ఇంకా బూట్లు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

అక్క అతనికంటే కాసేపటి ముందే ఇల్లు చేరింది. భుజాన సంచీ ఇంకా దించలేదు. సంచీలోంచి లావుపాటి ప్రోగ్రామింగ్ పుస్తకం అంచు బయటికి కనబడుతోంది. దాన్ని అరచేత్తో లోపలికి నెట్టింది. నెట్టాక, దొంగలా ఎందుకు దాస్తున్నానని తనకే సిగ్గేసింది.

"మధ్యాహ్నం నా ఫ్రెండ్ ఫోన్ చేశాడు. 'మీ వదినగారు రాలేదేంట్రా, ఒంట్లో బాగానే ఉందా' అని. పొద్దున మిమ్మల్ని బస్సెక్కించింది నేనే. ఎక్కిన మనిషి ఏమైనట్టు?"

"ఎక్కాను. గోడౌన్ స్టాపు రాకముందే దిగిపోయాను."

"ఎందుకు?"

"లైబ్రరీ కనిపించింది."

ఇంకో రోజైతే ఆ జవాబుకి మరిది పడీపడీ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. బూట్లు విప్పి, వాటిని ఒకదాని పక్కన ఒకటి అక్కర్లేనంత జాగ్రత్తగా సర్దాడు. కోపం వచ్చినప్పుడు అతను వస్తువులు సర్దుతాడు.

"ప్రెస్సు మూతపడ్డ దగ్గర్నుంచీ మీరు ఇంట్లోనే ఉన్నారు. అది మీ తప్పని నేను ఒక్కనాడూ అనలేదు. ఉద్యోగం కావాలని మీరు అడగలేదు, నేనే వెతికాను. ఫోన్లు ఎత్తడం, వచ్చిన సరుకు కంప్యూటర్లో ఎక్కించడం. నీడపట్టున కూర్చుని చేసే పని. మీ కోసమని కుర్చీ ఖాళీగా పెట్టుకున్నాడు వాడు. మొదటిరోజే ఎగ్గొడితే వాడి ముందు నేను తలెత్తుకునేదెలా?"

"పరీక్ష శనివారమే కదా మరిదిగారూ. అది అయ్యాక చేరతానని మొదట్లోనే చెప్పాను."

"ఆ పరీక్ష!" అన్నాడు మరిది. ఆ రెండు ముక్కల్లోనే అతని అభిప్రాయమంతా ఉంది. "వదినా, అది కాలేజీ పిల్లలు రాసుకునే పరీక్ష. వాళ్ళకే ఉద్యోగాల్లేక రోడ్ల మీద తిరుగుతున్నారు. వాళ్ళతో పోటీపడి మీకు ఎవరు ఇస్తారు? పేజీలు దిద్దుకునే మనిషి ఉన్నట్టుండి ప్రోగ్రామర్ అయిపోవడం సినిమాల్లో బాగుంటుంది."

వంటగది తలుపు దగ్గర అలికిడైంది. చెల్లెలు. ఆఫీసు నుంచి వచ్చి ఎంతసేపైందో, ఎంతవరకు విందో తెలియదు. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

మరిది భార్య వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. మీ కంపెనీలో ఇంటర్వ్యూలు చేసేది నువ్వే కదా. ఆ సర్టిఫికెట్ చూసి ఇప్పటిదాకా ఎవరికైనా ఉద్యోగం ఇచ్చావా?"

అక్క తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. భయమేమీ వేయలేదు. ఇన్ని నెలలుగా భోజనాలయ్యాక ఇదే హాల్లో, ఇదే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని పాఠం చెప్పిన మనిషి. లూపు అంటే ఏమిటో చెప్పడానికి బల్ల చుట్టూ తిరిగి చూపించిన మనిషి.

చెల్లెలు గ్లాసులోకి చూసింది. తాగలేదు.

"అడుగుతున్నాను కదా," అన్నాడు మరిది, ఈసారి కాస్త తగ్గి.

"లేదు," అంది చెల్లెలు.

"సర్టిఫికెట్ అసలు చూస్తారా?"

"చూడం. పేజీ తిప్పేస్తాం."

ఫ్రిజ్ చప్పుడు చేస్తూ ఆగిపోయింది. అది ఆగేదాకా అంతసేపూ గుర్రుమంటోందని ఎవరికీ తెలియలేదు.

"మరి నాకు పాఠాలెందుకు చెప్పావే ఇన్నాళ్ళూ?" అంది అక్క.

"నువ్వు అడిగావు కదక్కా."

అంతే. మరిది స్నానానికి వెళ్ళిపోయాడు. గెలిచిన మనిషిలా లేడు. ఏదో బరువు మోసుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళాడు. అది అక్క గమనించింది కానీ, అప్పుడు దాని గురించి ఆలోచించే స్థితిలో లేదు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక చెల్లెలు అలవాటు ప్రకారం బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. పక్కన కుర్చీ కాస్త వెనక్కి లాగి పెట్టింది. వంటగదిలో అక్క కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నీళ్ళ చప్పుడు ఆపితే బయటికి వెళ్ళాలి. వెళ్తే కూర్చోవాలి.

చాలాసేపటికి లాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది. అప్పుడు కుళాయి కట్టేసింది.

* * *

మర్నాడు ఎవరితోనూ చెప్పకుండా అక్క నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది.

నర్సమ్మంటే ఇప్పుడు నర్సు కాదు. నడుము దెబ్బతిని ఆసుపత్రి మానేసి, అక్క చేరిన శిక్షణ కేంద్రంలోనే అంతకు ముందు బ్యాచ్‌లో చదివి, ఇదే సర్టిఫికెట్ సంపాదించి, ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో కుదురుకుంది. ఆ కేంద్రంలో అందరూ ఆమె గురించే కథలుగా చెబుతారు. ఫోటో కూడా గోడకి పెట్టారు. పాత పేరు మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం విరామంలో ఆఫీసు మెట్ల కింద నిలబడి మాట్లాడింది. కూర్చుంటే లేవడం కష్టమట.

"నిజం చెప్పమంటారా, మీకు నచ్చేది చెప్పమంటారా?"

"నచ్చేది చెప్పేవాళ్ళు ఆ కేంద్రంలో బోలెడుమంది ఉన్నారు. నిజమే చెప్పండి."

నర్సమ్మ నవ్వింది. "సర్టిఫికెట్ వల్ల నాకు ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలో దాని ఊసే ఎత్తలేదు. వార్డులో మందులు ఇచ్చే వేళలు తప్పిపోకుండా నేనొక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. అది చూపించమన్నారు. తప్పులున్నాయి. ఆ తప్పుల గురించే అరపూట మాట్లాడారు. తీసుకున్నారు."

"అంటే పరీక్ష దండగంటారా?"

"అదీ అనను. పరీక్ష లేకపోతే నేను ఆ పుస్తకం సగంలోనే మూసేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. ఇంకోటి కూడా ఉంది." నర్సమ్మ కాసేపు వీధి వైపు చూసింది. "ఉద్యోగం మానేశాక ఇంట్లో అందరూ నన్ను పాపం అనేవాళ్ళు. పొద్దున లేస్తే పాపం, పడుకుంటే పాపం. పరీక్ష పాసైన రోజు ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు, నా నడుము సంగతి తెలీనివాళ్ళు, నీకు ఇది వచ్చు అన్నారు. ఆ ముక్క వినడానికి రాశాను. మీకు ఎందుకో మీరే చూసుకోవాలి."

అక్క సంచీ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి. మీ అంతట మీరు ఏమైనా రాశారా ఇప్పటిదాకా?"

"లెక్కలన్నీ చేశాను. పుస్తకం వెనకున్నవన్నీ."

"ఎవరూ పక్కన లేకుండా?"

పక్కన ఎప్పుడూ చెల్లెలు ఉండేది. తను తప్పు నొక్కబోతే ఆమె చెయ్యి ఎక్కడికీ కదిలేది కాదు; ఊపిరి మాత్రం కాస్త బిగబట్టేది. దాంతో అక్కకి తెలిసిపోయేది. ఆ ఊపిరి విని సరిదిద్దుకునేది.

"లేదండీ," అంది.

"అయితే ఇవాళ రాయండి. మీకు నిజంగా పనికొచ్చేది ఏదైనా సరే. ఆ తర్వాత ఎవర్నీ అడగక్కర్లేదు."

* * *

పగటిపూట ఆ ఇల్లు తనదని అక్కకి ఎప్పుడూ అనిపించలేదు. చెల్లెలూ మరిదీ ఆఫీసులకి వెళ్ళాక సోఫా మీద కూడా అంచునే కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే కష్టం, అంటే జవాబు చెప్పవచ్చు.

అమ్మ పోయేనాటికి చెల్లెలు ఇంకా బడికి వెళ్తోంది. అక్క అప్పుడే ప్రెస్సులో చేరింది. పేజీలు కట్టడం, అచ్చుతప్పులు పట్టడం. తెరిచిన కొటేషన్ మార్కు ఎక్కడ మూయలేదో దూరం నుంచే కనిపెట్టేసేది. అక్కడివాళ్ళు ఆమెని 'కామా' అని పిలిచేవారు. కామా ఎక్కడుంది, కామా టీ తాగిందా, కామాకి ఇవాళ కోపంగా ఉంది. ప్రెస్సు మూతపడ్డాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

హాల్లో బల్ల దగ్గరికి వెళ్ళి, రోజూ చెల్లెలు కూర్చునే కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఉంచే లాప్‌టాప్ తెరిచింది. ఏం రాయాలో తోచలేదు. తనకి తెలిసింది ఒక్కటే. అచ్చుతప్పులు.

ప్రెస్సులో ఎక్కువగా విసిగించే తప్పు ఒకటుండేది. ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు పడడం. 'అతను అతను వచ్చాడు.' కన్ను జారిపోతుంది, దొరకదు. మాట పక్కన అదే మాట ఉంటే పట్టుకుని చూపించాలి. అంతే పని.

అంతే పని అనుకున్నది చుక్కలు చూపించింది. మొదటిసారి ప్రోగ్రాం అసలు కదల్లేదు. రెండోసారి కదిలి, ఆగకుండా తిరుగుతూనే ఉంది. మూడోసారి ఎర్రటి అక్షరాల్లో ఏదో తిట్టింది. అక్క అలవాటుగా పక్కకి చూసింది. ఖాళీ కుర్చీ. ఊపిరి వినబడదు. మళ్ళీ తెర వైపు తిరిగి, ప్రూఫు చూసినట్టే ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. మూడో వరుసలో తప్పు ఉంది. మూయని బ్రాకెట్.

టీ పెట్టుకుంది. చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. అదీ చల్లారింది.

కిటికీలో ఎండ గోడ మీదికి పాకేవేళకి ప్రోగ్రాం పనిచేసింది. ప్రెస్సులో తను ఎప్పుడో కట్టిన కథల పుస్తకం ఒకటి ఆ లాప్‌టాప్‌లోనే ఉంటే, దాన్ని ఇచ్చి నడిపించింది. తెర మీద తప్పుల వరద.

చిన్న చిన్న. మళ్ళీ మళ్ళీ. రాను రాను. వేడి వేడి. పోతూ పోతూ.

అక్కకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ప్రోగ్రాం చెప్పినట్టే చేసింది పాపం. మాట పక్కన మాట కనిపిస్తే పట్టుకుంది. చిన్న చిన్న అంటే తప్పు కాదని దానికి ఎవరు చెప్పారు? పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసిన మనిషి, పోతూ అని ఒక్కసారే అంటే వెనక్కి తిరిగి చూసినట్టే ఉండదని దానికెలా తెలుస్తుంది?

పైకే నవ్వింది. ఆపుకోలేక కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "చూడవే, చిన్న చిన్న అంటే తప్పంటోంది!" అని తల తిప్పింది.

కుర్చీ ఖాళీగానే ఉంది.

నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఆ హాల్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇన్ని నెలలూ రోజంతా ఎదురుచూసింది పాఠం కోసమా, పాఠం చెప్పే మనిషి కోసమా? చెల్లెలితో మామూలుగా మాట్లాడే మాటలు ఎప్పుడో అయిపోయాయి. కూర బాగుంది, గొడుగు తీసుకెళ్ళు, పడుకో పొద్దుపోయింది. పరీక్ష అనేది ఒకటి దొరికితే దాని పక్కన రోజూ ఓ గంటసేపు కూర్చోవచ్చు. తను చేసింది అదే.

అలాగని ఇవాళ మధ్యాహ్నం అబద్ధం కాదు. టీ చల్లారిపోయిన సంగతి తెలియలేదంటే అబద్ధం కాదు. మూడో వరుసలో తప్పు దొరికినప్పుడు గుండె దడదడలాడింది, అది ఎవరి కోసమూ కాదు.

* * *

చెల్లెలు పెందలాడే వచ్చేసింది. ఆ వేళకి ఎప్పుడూ రాదు.

"నీకొకటి చూపిస్తాను, ఇలా రా," అంది అక్క. నిన్నటి మాటలు పక్కన పెట్టేసినట్టే అంది. పిలిచాక గానీ తను ఇంకా కోపంగా ఉండాలని గుర్తురాలేదు.

చెల్లెలు రాలేదు. సోఫా అంచున కూర్చుంది, అచ్చం అక్క కూర్చున్నట్టే.

"అక్కా, ఒక మాట. ఆయన వచ్చేలోగా చెప్పాలి."

"చెప్పు."

"ఆయనకి బదిలీ అయింది. వాళ్ళ అమ్మానాన్న ఉండే ఊరికే. నాకూ అక్కడి ఆఫీసుకి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. వచ్చే నెలలో వెళ్ళాలి."

అక్క లాప్‌టాప్ మూత మెల్లగా దించింది.

"వాళ్ళింట్లోనే ఉంటాం. నిన్ను రమ్మనే ఇల్లు కాదక్కా అది. ఆయన అడిగారు. రెండుసార్లు అడిగారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"కొన్నాళ్ళయింది."

"పాఠాలు చెప్పేటప్పుడు తెలుసా?"

"తెలుసు."

"అయినా చెప్పావు. పనికిరాని చదువని తెలిసీ."

"ఆ కాసేపైనా నువ్వు నవ్వేదానివి." చెల్లెలు సోఫా అంచు మీద ఇంకా ముందుకి జరిగింది. "ప్రెస్సు పోయాక ఎన్నాళ్ళకి నవ్వావో నీకు తెలుసా? నేనెలా ఆపమంటాను? ఆయన ఉద్యోగం చూశాక హమ్మయ్య అనుకున్నాను. నువ్వు అందులో కుదురుకున్నాక మెల్లగా చెబుదామనుకున్నాం. నువ్వేమో బస్సు దిగి లైబ్రరీకి వెళ్ళావు."

"అంటే నా కాళ్ళ మీద నేను నిలబడితే, మీరు వెనక్కి చూసుకోకుండా వెళ్ళొచ్చు."

"అలా అనకక్కా."

"ఎలా అనమంటావు?"

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు. తంతున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ తంతున్నారు. ఆ అవస్థంతా అయ్యేదాకా అక్కాచెల్లెళ్ళు వింటూ కూర్చున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

"గోడౌన్‌లో ఆ కుర్చీ ఇంకా నీదే," అంది చెల్లెలు చివరికి. "పరీక్ష వదిలేసి రేపే వెళ్ళు. నిన్ను వేడుకుంటున్నాను. ఎవరూ చూడని కాగితం కోసం ఉన్నది పోగొట్టుకోకు."

అక్క లేచి తన గదిలోకి వెళ్ళింది. కోపంతో కాదు. చెల్లెలు అన్నదాంట్లో తప్పేమీ దొరకలేదు. దొరికితే కాస్త తేలిగ్గా ఉండేది. వచ్చే నెల నుంచి ఈ ఊళ్ళో తనూ, తన తిండీ, తన అద్దె గదీ. అప్పుడు జీతం ఉండాలి. నిజమే. పరీక్షా జీతమూ రెండూ వదలకుండా ఉండే దారి లేదా? ఎప్పుడూ మరిది నోటి నుంచే వింటోంది గానీ, అతని ఫ్రెండైన ఆ గోడౌన్ యజమానితో తను ఒక్కసారైనా మాట్లాడిందా?

హాల్లో మరిది వచ్చిన చప్పుడైంది. భార్యతో ఏదో గుసగుసగా అన్నాడు. అక్క గోడౌన్ యజమానికి ఫోన్ చేసింది.

"నమస్కారమండీ. నిన్న రావాల్సినదాన్ని. రాలేకపోయాను. తప్పు నాదే."

"అయ్యో, మీరా అమ్మా! దానికేముంది, ఏం పర్లేదు, ఏం పర్లేదు." ఆయన గొంతులో కోపం వెతికినా లేదు.

"నాకు శనివారం పరీక్ష ఉంది. అది కాగానే చేరతాను. ఆ తర్వాత కూడా మధ్యాహ్నం వరకే చేయగలను, చదువుకోవాలి. జీతం కూడా దానికి తగ్గట్టే ఇవ్వండి. కుదురుతుందా?"

"మీ ఇష్టమమ్మా. ఎప్పుడొచ్చినా సరే."

"మధ్యాహ్నం నుంచి ఫోన్లు ఎవరెత్తుతారు మరి?"

"ఇప్పుడెత్తే మనిషే ఎత్తుతాడు."

"సరుకు కంప్యూటర్లో ఎక్కించేది?"

"అదీ అతనే..." ఆయన ఆగాడు. నాలుక కరుచుకున్న మనిషి ఆగినట్టు ఆగాడు.

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మరిదిగారు నాకు అంతా చెప్పారులెండి," అంది. జీవితంలో ఇంత నిబ్బరంగా అబద్ధం ఆడడం అదే మొదలు. "మీరు కూడా ఒకసారి చెబితే వినాలని."

"చెప్పాడా? హమ్మయ్య, బతికించారు. నాకీ దాపరికాలు చేతకావమ్మా." ఆయన నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు. "వాడిని తప్పుగా అనుకోకండి. ఊరికే ఇస్తే మీరు పుచ్చుకోరని, నెలనెలా డబ్బు నాకు పంపిస్తానన్నాడు, జీతమని మీ చేతికి ఇమ్మన్నాడు. నాకైతే ఖాళీ కుర్చీ ఉంది, మీరొచ్చి కూర్చుంటే నాకు పోయేదేముంది? పుస్తకం తెచ్చుకుని చదువుకోండి కావాలంటే. పనేమీ ఉండదు."

"సరేనండీ," అంది అక్క. "ఉంటాను."

ఫోను పెట్టేశాక కూడా అది చేతిలోనే ఉంది. పనేమీ ఉండదు. అంటే నిన్న గుమ్మంలో బూట్లతో నిలబడి, పరువు పోయిందని అరిచిన మనిషి పరువు ఎక్కడా పోలేదు. ఆ ఫ్రెండ్ ఫోన్ చేసింది ఫిర్యాదుకి కాదు. మరిది తన జీతంలోంచి తీసి, అక్కకి తెలియకుండా, ఆమె తల వంగకుండా ఇద్దామనుకున్నాడు. అంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకుంటే అది ఎక్కడ నిలబడుతుంది? కానీ కోపం వచ్చింది. అరికాలి నుంచి వచ్చింది. దానితోపాటు ఏడుపూ వచ్చింది.

తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది.

మరిది ఆత్రంగా లేచాడు. "మాట్లాడినట్టున్నారు? ఏమన్నాడు వదినా? రేపట్నుంచి రమ్మన్నాడా?"

ఫలితాల కోసం కాచుకున్న పిల్లాడి ముఖంలా ఉంది అతని ముఖం. ఆ ముఖంలోకి ఎక్కువసేపు చూడలేక అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు సోఫా చేతి మీద లేని దుమ్ము తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"ఏమన్నాడో శనివారం పరీక్ష రాసొచ్చి చెప్తాను మరిదిగారూ," అంది అక్క. "మీ ఇద్దరికీ కలిపి చెప్తాను."

బల్ల మీది లాప్‌టాప్ చేతిలోకి తీసుకుంది. తన గదిలోకి వెళ్ళి, ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి, లోపల గడియ పెట్టుకుంది.

తలుపు అవతల చెల్లెలి గొంతు, ఎంత అణిచినా అణగని గుసగుస.

"తెలిసిపోయిందండీ."